కరువు కాలమునకు దేవుడిచ్చిన సేవకుడు – సర్ ఆర్థర్ కాటన్ దొరగారు

ధ్యానమునకు: ఆదికాండము 41; నిర్గమకాండము 1; 2 రాజులు 3:9–20



ఐగుప్తు దేశపు ఇద్దరు ఫరోలను గూర్చి మన బైబిలులో చదువుచున్నాము. మొదటి ఫరో, ఏడు సంవత్సరముల కరువు రానున్నదని తెలిసినప్పుడు, యోసేపు ఆలోచన విని, పంటలో అయిదవ వంతు కొట్లలో వేయించెను. దానివలన ఐగుప్తీయులే గాక పొరుగు దేశములవారు కూడ బ్రతికిరి. చాలకాలమునకు మరియొక ఫరో వచ్చెను. యోసేపు చేసిన మేలు అతనికి తెలియదు. ఇశ్రాయేలీయుల ఇండ్లలో పిల్లలు అధికమగుట చూచి, వీరింక పెరిగినచో మన గతి ఏమగునని అతడు భయపడెను. ఆ భయమునుండియే వెట్టిచాకిరియు, మగశిశువులను నదిలో పారవేయించు ఆజ్ఞయు పుట్టెను. దేశము అదే, నైలునది అదే. ఒకడు ఆకలిని చూచి కొట్లు కట్టించెను. మరియొకడు జనమును చూచి బెదరిపోయెను.

ఈ రెండు తలంపులును ఐగుప్తుతో ఆగిపోలేదు. మన ఉద్దానములో వాన తప్పిన సంవత్సరమున రచ్చబండ మీద కూర్చుండి పెద్దలు ఏమందురో మీకు తెలియును. జనము పెరిగిరి గాని భూమి సాగలేదందురు. తాత నాటి నాలుగెకరములు నలుగురు కొడుకులకు తలకొక ఎకరమాయె, మనుమల నాటికి గట్టులే మిగులునందురు. అది పొరపాటు మాటయని కొట్టివేయలేము, పంచుకొనినవారికి దాని బాధ తెలియును. అయితే ఆ మాటనే ఒక దేశమును ఏలువారు సిద్ధాంతముగా పట్టుకొనినప్పుడు ఏమి జరిగెనో, దానికి ఎదురుగా ఒక విశ్వాసి తన జీవితమును ఎట్లు నిలిపెనో ఈ నెల చెప్పవలెనని తలంచితిమి. గోదావరి జిల్లాలవారు నేటికిని తమ ఇంటి పెద్దనువలె తలంచుకొను ఆర్థర్ కాటన్ దొరగారే ఆ విశ్వాసి.

ముందుగా ఆ సిద్ధాంతమును గూర్చి కొంచెము చెప్పవలెను. దానిని చెప్పినవాడు నాస్తికుడు కాడు, సంఘ గురువే. థామస్ రాబర్ట్ మాల్తస్ గారు 1766లో ఇంగ్లండులోని సర్రీ మండలమున, డోర్కింగ్ అను చిన్న పట్టణమునకు దగ్గర జన్మించిరి. ఆంగ్లికన్ సంఘమున అభిషేకము పొంది ఆ ప్రాంతపు పల్లె గుడిలోనే పరిచర్య చేసిరి. 1798లో తమ పేరు వేయకుండ ఒక పుస్తకము ప్రకటించిరి. దాని సారమిది. అడ్డు లేకున్నచో జనము 25 సంవత్సరములకొకసారి రెట్టింపగును, ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అగును. పంట మాత్రము ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మెట్లెక్కినట్లు మెల్లగా పెరుగును. కాబట్టి నోళ్లు ఎప్పుడును మెతుకులను మించిపోవును. అప్పుడు కరువో, తెగులో, యుద్ధమో వచ్చి ఆ మిగులును కోసివేయును. 1803లో ఆ పుస్తకమునే పెద్దదిగా తిరిగి వ్రాసి, పోషించగల శక్తి వచ్చువరకు పెండ్లి చేసికొనక పవిత్రముగా నుండుటయే దీనికి విరుగుడని చేర్చిరి. తాము కూడ 38వ యేటనే వివాహమాడిరి. మాల్తస్ గారు మృదుస్వభావులు. ఆయనను రెండవ ఫరోతో పోల్చుట న్యాయము కాదు. అయితే 1805 మొదలు 1834లో చనిపోవువరకు ఆయన హెయిలీబరీలోని ఈస్టిండియా కళాశాలలో ఆచార్యులుగా ఉండిరి. మన దేశమును ఏలుటకు వచ్చు కంపెనీ ఉద్యోగులకు చదువు చెప్పినది ఆ కళాశాలయే. గురువుగారు దుఃఖముతో చెప్పిన లెక్క, కొందరు శిష్యుల చేతిలో చేతులు ముడుచుకొని కూర్చుండుటకు సాకైనది.

ఆ రెండవ పుస్తకము వెలువడిన 1803వ సంవత్సరముననే, మే 15వ తేదీన, కాటన్ గారు జన్మించిరి. అన్నదమ్ములు చాలమంది గల ఇల్లు అది. పదునైదేండ్ల వయస్సున అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీరుల దళమున ఉద్యోగము పొంది, 1821లో మన దేశమునకు వచ్చిరి. హెయిలీబరీలో చదివినవారు జనమును, పన్నును లెక్కించుట నేర్చుకొనిరి. ఈయన నేలను, నీటిని కొలుచుట నేర్చుకొనెను. పదునెనిమిదేండ్ల చిన్నవాడు, ఎండ తెలియని శరీరము. జ్వరములు ఆయనను జీవితమంతయు వెంటాడినవి. రెండు మారులు ఆరోగ్యము చెడి సముద్రము దాటి ఆస్ట్రేలియా ప్రాంతములకు పోవలసివచ్చెను. అక్కడనే 1841లో ఎలిజబెత్ లెర్మాంత్ అను స్త్రీని వివాహమాడిరి. భార్యాభర్తలిద్దరును ప్రార్థనాపరులు.

ఆయన మొదటి గొప్ప పని తంజావూరు సీమలో జరిగెను. కావేరి నీరు పాత కాలువలలోనికి రాక కొల్లిడము గుండ సముద్రములోనికి పోవుచుండగా, 1836లో కొల్లిడము మీద రెండు ఆనకట్టలు కట్టించిరి. మెత్తని ఇసుకలో పునాది ఎట్లు నిలుచును? ఇంగ్లండులో ఎవరును ఆయనకది నేర్పలేదు. చోళ రాజులు వందల యేండ్ల క్రిందట కట్టించిన కల్లణై ఆనకట్టను పరీక్షించి, ఈ దేశపు పనివారియొద్దనే ఆ విద్య నేర్చుకొంటినని ఆయన దాచక ఒప్పుకొనిరి. పాలించు జాతివాడు, పాలింపబడువారియొద్ద శిష్యుడనని చెప్పుట ఆ దినములలో చిన్న సంగతి కాదు.

తరువాత మన తెలుగు దేశమునకు వత్తము. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చెను. గుంటూరు సీమలో అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది చనిపోయిరని లెక్కలు చెప్పుచున్నవి. గోదావరి మండలము దానివలనను, వెనువెంట వచ్చిన వరదలు తుపానులవలనను చితికిపోయెను. 1839లో కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. అప్పటి రాజమహేంద్రవరం జిల్లాలో 1821 ప్రాంతమున 7,38,308 మంది జనముండిరి. 1841 నాటికి 5,61,041 మందియే మిగిలిరి. ఇరువది సంవత్సరములలో ఒక లక్ష డెబ్బది ఏడు వేలమంది తగ్గిపోయిరి.

ఈ అంకెల యొద్ద కొంచెము నిలువవలెను. నోళ్లు తగ్గినచో మెతుకులు మిగులునను మాట నిజమైతే, ఆ మిగిలిన అయిదు లక్షల అరువదివేలమంది కడుపునిండ తినియుండవలెను. అట్లు జరుగలేదు. ఉన్నవారు మునుపటికంటె పేదలైరి. దున్నువారు లేక పొలములు బీడుపడెను, సర్కారు శిస్తు కూడ పడిపోయెను. జనము తగ్గుటచే పంట పెరుగలేదు, పంట తగ్గుటచే జనము తగ్గిరి. వారి కన్నులయెదుటనే గోదావరి ప్రతి ఏటను కడలిలోనికి నీరు పోయుచుండెను.

1844లో కాటన్ గారు ఆ సీమనంతటిని తిరిగి చూచిరి. ఏటిగట్టులవెంట నడచుచు మన్ను చూచుచు లంకలలో దిగుచు దినములు గడిపిరి. ధవళేశ్వరమునొద్ద నది నాలుగు పాయలుగా చీలుచోట ఆనకట్ట కట్టినచో డెల్టా అంతయు మాగాణి యగునని మద్రాసు దొరతనమువారికి వ్రాసిరి. ఆనకట్టకు అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని ఆరంభించిరి. పదివేలమంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు చేరిరి. అడిగినంతమంది ఇంజనీరులను మాత్రము ఇయ్యలేదు. వీణెం వీరన్నగారను తెలుగు ఉద్యోగి కూలీలను కూర్చుటయందు దొరగారికి కుడిచేయి ఆయెను. నడుమ దొరగారు జబ్బుపడి సెలవు మీద పోగా ఆర్ అను కెప్టెనుగారు పని సాగించిరి. కాటన్ గారు తిరిగివచ్చి 1852లో దానిని ముగించిరి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగములు కలిసి రెండు మైళ్లకు పైబడిన రాతికట్టడము అది. పాయను దాటించి కాలువను నడిపించిన గన్నవరం అక్విడక్టు కూడ ఆ దినములదే. 1836లో గోదావరి తీరమునకు వచ్చిన బౌడెన్, బీర్ అను మిషనరీలు ఆ కూలీల గుడిసెల నడుమ సువార్త ప్రకటించుచుండిరి.

ఎలీషా కాలములో ముగ్గురు రాజులు ఎదోము ఎడారిలో నీరు లేక చావునకు సిద్ధమైయుండగా, ప్రవక్త వారికి ఏమి ఆజ్ఞ ఇచ్చెను? ముందు లోయనిండ గోతులు త్రవ్వుడనెను. గాలి కనబడలేదు, మబ్బు కనబడలేదు. త్రవ్వినవారి చేతులు పొక్కియుండును. మరునాటి ఉదయమున నీరు వచ్చెను, గోతులున్నందున నిలిచెను. గోతులు త్రవ్వని లోయలో ఆ నీరే వచ్చియుండినను పారిపోయియుండెడిది. కాటన్ గారి జీవితమును చదువునప్పుడెల్ల మాకు ఈ అధ్యాయమే జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఫలితము అందరును చూచిరి. 1891 నాటికి గోదావరి జిల్లా జనము ఇరువది లక్షలు దాటెను. నడుమ జిల్లా హద్దులు మారినమాట నిజమే, అయినను పెరుగుట హద్దులవలన మాత్రమే కాదు. జనము ఇన్ని రెట్లు పెరిగియు వారు తిని మిగిలిన ధాన్యము పడవలమీద పొరుగు సీమలకు పోయెను. కాలువలకు లాకులు కట్టించి పడవలు నడుచునట్లు చేసినది కూడ దొరగారే. పండించుట ఒక యెత్తు, ఆకలిగొనినవారియొద్దకు చేర్చుట మరియొక యెత్తని ఆయన ఎప్పుడును చెప్పుచుండిరి.

ఇప్పుడు మన వైపునకు రావలెను. 1858లో కాటన్ గారు ఒరిస్సా పోయి, మహానది డెల్టాకును ఇట్టి ఆనకట్టలు కాలువలు కావలెనని వ్రాసిరి. పని ఒక కంపెనీ చేతికిపోయి మెల్లగా నడిచెను. కాలువలు పూర్తికాకమునుపే 1866లో మహా క్షామము వచ్చిపడెను. ఒరిస్సాలో సుమారు పది లక్షలమంది, అనగా ముగ్గురిలో ఒకరు, మరణించిరి. ఆ క్షామము గంజాం జిల్లాను కూడ తాకెను. నాడు టెక్కలి, పలాస, సోంపేట సీమలన్నియు గంజాం జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు మనము విశాఖపట్నం జిల్లాలో చేరితిమి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడెను. కాబట్టి ఆ కరువు పరాయివారి కథ కాదు. చోడి అంబలికి కూడ గతిలేక మన ముత్తాతల తరమువారు ఎండుటాకులవలె రాలిన కాలమది.

అప్పుడు దేశమునకు వైస్రాయిగా ఉన్నవారు జాన్ లారెన్సు గారు. ఆయన మాల్తస్ గారి కాలములో హెయిలీబరీలో చదివినవారు, మంచి దైవభక్తులు కూడ. అయినను క్రింది అధికారులు వర్తకమునకు సర్కారు అడ్డురాకూడదు, ధర పెరిగినచో వ్యాపారులే బియ్యము తెత్తురని చెప్పగా ఆ మాట సాగెను. వ్యాపారులు తేలేదు. బియ్యము తెప్పింపవలెనని తెలివి వచ్చునప్పటికి వర్షాకాలము వచ్చి రేవులు మూతపడెను. తాము అప్పుడే గట్టిగా ఉండవలసినదని లారెన్సు గారు తరువాత బహుగా నొచ్చుకొనిరి. భక్తి ఉన్నవాడు కూడ తప్పు లెక్కను నమ్మినచో ఎంత కీడు కలుగునో చూడుడు.

పదేండ్లకు ధాత సంవత్సరపు కరువు, 1876–78. మద్రాసు రాజధాని అంతయు ఎండిపోయెను. వైస్రాయి లిట్టన్ ప్రభువు, ఈ దేశపు జనము భూమి ఇచ్చు ఆహారముకంటె త్వరగా పెరుగుచున్నారని సభలోనే చెప్పిరి. ఇది మాల్తస్ గారి మాటయే. రిచర్డ్ టెంపుల్ గారు కరువు పనులలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యము, కొద్ది చిల్లరకు దించిరి. ఒక పౌనుకు అర్ధకిలోకూడ రాదు. దానితో మనిషి రాళ్లు మోయవలెను. మద్రాసులోని కార్నిష్ అను వైద్యాధికారి, ఇది జీతము కాదు మెల్లని మరణమని వాదించగా కొన్ని నెలలకు కూలి పెంచిరి. అప్పటికే సమాధులు నిండెను. బ్రిటిషు సీమలలోనే 50 లక్షలకు పైగా చనిపోయిరని కమీషనువారు వ్రాసిరి. ఆ కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రము పండెను. పండి ఇతరులకు ధాన్యము పంపెను. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట కూడ కాటన్ గారు పట్టుబట్టినందుననే వచ్చినది.

1860లోనే పని విరమించి, 1861లో సర్ బిరుదు పొంది, ఇంగ్లండులో విశ్రాంతిగా ఉండవలసిన ఆ వృద్ధుడు ఊరకుండలేదు. 1878లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, పార్లమెంటు సంఘము ఎదుట నిలిచి సాక్ష్యమిచ్చిరి. రైళ్లకు కోట్లు పోసి కాలువలకు చిల్లర విదిలించితిరి, రైలు ఆకలిని చూచునే గాని ధాన్యమును పుట్టింపదని ఆయన వాదము. ఫ్లారెన్సు నైటింగేలు అమ్మగారు ఆయన పక్షమున వ్రాసిరి. సంఘమువారు మాత్రము ఆయనను వెర్రి పట్టుదలగల ముసలివానిగా చూచిరి.

ఆయన చెప్పినదంతయు సరియేనని మేమనము. రాయలసీమలో కర్నూలు – కడప కాలువను ఆయన ఎంతో మెచ్చుకొనిరి. ఆ కంపెనీ నష్టపడి చివరకు సర్కారు దానిని కొనవలసివచ్చెను. ఒరిస్సా కంపెనీయు అట్లే పోయెను. నల్లరేగడి భూమికి డెల్టా లెక్క సరిపడలేదు. మరియు డెల్టాలో నీరు వచ్చిన తరువాత భూమి ధర పెరిగి, భూమి గలవారు బలిసిరి. కాలువ త్రవ్విన చేతులు గల పాలేరుకు కూలియే మిగిలెను గాని సెంటు నేల రాలేదు. నీటిని పంచినంత సులభముగా నేలను పంచలేమని మన సంఘములలో అనేకులకు అనుభవపూర్వకముగా తెలియును.

మాల్తస్ గారికి కూడ ఇయ్యవలసినది ఇయ్యవలెను. భూమికి హద్దున్నదని ఆయన చెప్పినది అబద్ధము కాదు. అయితే ఆయన లెక్క మన దేశమున జరుగలేదు. 1951లో మన దేశ జనము 36 కోట్లు. నేడు 140 కోట్లు దాటెను, అనగా సుమారు నాలుగు రెట్లు. 1950–51లో ఆహారధాన్యము సుమారు 5 కోట్ల టన్నులు. 2022–23లో సుమారు 33 కోట్ల టన్నులు, అనగా ఆరు రెట్లకు పైన. జనము విషయమైతే, 2019–21 నాటి సర్వేలో మన రాష్ట్రమున ఒక స్త్రీకి సగటున ఇద్దరు బిడ్డలు కూడ లేరు, 1.7 మాత్రమే. ఇద్దరికంటె ఎక్కువ పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదను నిబంధనను 2024లో మన శాసనసభయే తీసివేసెను. కరువుకత్తి లేకుండనే, ఆడపిల్లలు చదువుకొనగా, పుట్టిన బిడ్డలు బ్రదుకుదురను నమ్మకము కలుగగా, ఇండ్లు చిన్నవైనవి. ఈ సంగతి మాల్తస్ గారును ఊహింపలేదు, కాటన్ గారును ఊహింపలేదు.

మన ఉద్దానములో మాత్రము ఎలీషా గోతులు ఇంకను పూర్తికాలేదు. వంశధారమీద గొట్టా బ్యారేజి కట్టిరి. ఎడమ కాలువ టెక్కలి మీదుగా మన వైపు వచ్చును గాని శివారు భూములకు నీరందుట ఏ సంవత్సరముననైన సందేహమే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే మనకు ఆధారము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి వాటిని నేలకూల్చినప్పుడు, జనము ఎక్కువై కాదు, చెట్లు లేకయే మన పిల్లలు వలసపోయిరి. త్రాగునీటి మాట చెప్పనక్కరలేదు. మూత్రపిండముల వ్యాధితో ఎన్ని ఇండ్లు ఖాళీ అయినవో ప్రతి సంఘమునకు తెలియును. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయమునుండి గొట్టములద్వారా ఉద్దానమునకు నీరు తెచ్చు పథకము ప్రారంభమైనది. మన స్త్రీలు ప్రతిదినము ఎసటిలో వేయు బియ్యమునుండి పిడికెడు తీసి సంఘపు కుండలో వేయుచున్నారు గదా. యోసేపు కొట్లకును ఆ కుండకును కొలతలో భేదమే గాని తలంపులో భేదము లేదు.

ఇక దొరగారి కడపటి దినములు. ఆయన నివసించినది సర్రీ మండలమున డోర్కింగ్ పట్టణమున. మాల్తస్ గారు పుట్టిన ఇల్లు ఆ ఊరికి సుమారు రెండు మైళ్ల దూరముననే ఉండెను. కాటన్ గారు అక్కడ అరబ్బీ భాష చదువుచు, దానిని నేర్చుకొనువారికి 1876లో ఒక చిన్న వాచకము కూడ ప్రకటించిరి. కూతురు ఎలిజబెత్ అమ్మగారు ఆ ఊరి కూలివారి నడుమ సువార్త పని చేయుచుండిరి. ఎనుబదియేండ్లు దాటిన తరువాత ఆయనకు కొత్త పని తోచెను. నేలను మామూలుకంటె చాల లోతుగా త్రవ్వి గోధుమలు వేసినచో ఎంత పండునో చూడవలెనని తోటలో మళ్లు చేయించిరి. కంకులు లెక్కపెట్టి, గింజలు తూచి, ఫలితములను వ్రాయించి తెలిసినవారికందరికిని పంపుచుండిరి. కొందరు నవ్విరి. ఆయన మరుసటి సంవత్సరము ఇంకను లోతుగా త్రవ్వించిరి. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున, ఆ ఇంటనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన దేహమును డోర్కింగ్ సమాధులతోటలో ఉంచిరి. మరుసటి సంవత్సరము కూతురు ఆయన జీవితచరిత్రను అచ్చువేయించిరి. ఆ గోధుమ మళ్ల సంగతి కూడ అందులో ఉన్నది.